ఊరు మారితే ధ్రువుడు ఎంత ఎత్తు?



ఇంటికి బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మనకు చాలా మారిపోతాయి. క్వార్టర్ మారుతుంది, బడి మారుతుంది, బజారులో వినిపించే భాష మారుతుంది. నిన్నటిదాకా పక్క బెంచీలో కూర్చున్న స్నేహితుడు ఫోన్‌లో గొంతుగా మిగులుతాడు. ఉపాధ్యాయులమైన మేమూ ఈ దారిలో నడిచేవాళ్ళమే. మా సామాన్ల పెట్టెలూ ఎప్పుడూ సగం కట్టే ఉంటాయి.

అయినా కొన్ని మారవు. గువాహటిలో సగం చదివిన లెక్కల పుస్తకాన్ని జోధ్‌పూర్‌లో అదే పేజీ నుంచి కొనసాగించవచ్చు. అలాంటి పుస్తకం ఇంకొకటి ఉంది. అది ఆకాశం. ఎక్కడికి వెళ్ళినా అవే చుక్కలు. అయితే ప్రతి ఊరూ ఆ పుస్తకాన్ని కొంచెం వంచి చూపిస్తుంది. ఆ వంపును కొలవడం వస్తే మనం ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది. ఈ కొలతను అర్థం చేసుకోవడానికి మంచి చోటు నక్షత్రశాల. చేసి చూడటానికి మంచి చోటు మన డాబా. ఈ పాఠంలో రెండు చోట్లకూ వెళ్దాం.

గుమ్మటం కింద రాత్రి

నక్షత్రశాల అంటే లోపలి వైపు తెల్లగా ఉండే పెద్ద గుమ్మటం. దాని కింద వాలు కుర్చీలు ఉంటాయి. దీపాలు ఆర్పగానే మధ్యలో ఉన్న యంత్రం చుక్కల వెలుగును గుమ్మటం మీదికి పంపుతుంది. బయట మండుటెండ కాస్తున్నా లోపల నిండు రాత్రి అవుతుంది.

ఇలాంటి యంత్రాన్ని మొదట తయారుచేసింది జర్మనీలోని జైస్ సంస్థ. 1923లో మ్యూనిక్ నగరంలో దాన్ని తొలిసారి ప్రదర్శించారు. మన దేశంలో కోల్‌కతాలోని బిర్లా నక్షత్రశాల 1962లో మొదలైంది. దాని ఆకారం సాంచీ స్తూపాన్ని గుర్తుచేస్తుంది. ముంబయిలో 1977లో, ఢిల్లీ తీన్‌మూర్తి ప్రాంగణంలో 1984లో, హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద 1985లో నక్షత్రశాలలు వచ్చాయి. ఢిల్లీ వెళ్ళినవాళ్ళు అక్కడ ఉన్న ఒక గుళికను తప్పక చూడాలి. 1984లో రాకేశ్ శర్మ అంతరిక్షం నుంచి భూమికి దిగింది అందులోనే.

కోల్‌కతాలో ప్రదర్శన బెంగాలీలో, హిందీలో, ఇంగ్లీషులో ఉంటుంది. హైదరాబాద్‌లో తెలుగులోనూ వినవచ్చు. చుక్క ఒకటే, పిలిచే తీరు వేరు. మనం ధ్రువ నక్షత్రం అంటే హిందీవాళ్ళు ధ్రువ్ తారా అంటారు, బెంగాలీలు ధ్రుబొతారా అంటారు. సప్తర్షుల్లో మనం ఏడుగురు మునులను చూస్తే, గోండులు ఒక మంచాన్నీ దాన్ని ఎత్తుకుపోవాలని చూసే ముగ్గురు దొంగలనూ చూస్తారు. కొత్త ఊళ్ళో పక్కింటి అవ్వను ఆ చుక్కల పేర్లు అడిగి చూడండి. కొత్త భాషలో మొదటి సంభాషణకు అంతకన్నా మంచి విషయం దొరకదు.

యంత్రం చేసే అసలు పని

నక్షత్రశాల యంత్రం చుక్కలను చూపడంతో ఆగదు, ఆకాశాన్ని తిప్పుతుంది కూడా. ఒక తిప్పు తిప్పితే రాత్రంతా రెండు నిమిషాల్లో గడిచిపోతుంది. అప్పుడు చుక్కలన్నీ తూర్పున లేచి పడమట దిగుతాయి. ఉత్తరాన ఒక్క చుక్క మాత్రం దాదాపు కదలకుండా ఉంటుంది. అదే ధ్రువుడు.

ఇంకో తిప్పు మనకు మరీ ముఖ్యం. అది అక్షాంశాన్ని మారుస్తుంది. కూర్చున్న కుర్చీలోనే మనం కన్యాకుమారి నుంచి కశ్మీర్ దాకా ప్రయాణం చేస్తాం. అప్పుడు ధ్రువుడు మెల్లగా పైకి లేస్తాడు. ఈసారి నక్షత్రశాలకు వెళ్ళినప్పుడు ఈ కదలికను గమనించండి. ప్రదర్శన అయ్యాక, "మేము ఇంతకుముందు ఉన్న ఊళ్ళో ఈ చుక్క ఎంత ఎత్తులో ఉంటుంది?" అని ప్రసంగకర్తను అడగండి.

ఎందుకు లేస్తాడు? భూమి తిరిగే ఇరుసును ఉత్తరం వైపు పొడిగిస్తే అది దాదాపు ధ్రువుడి దగ్గరకే చేరుతుంది. తేడా ఒక డిగ్రీ కూడా లేదు. అందువల్ల ఉత్తర ధ్రువంలో నిలబడినవాడికి ధ్రువుడు నడినెత్తిన, అంటే 90 డిగ్రీల ఎత్తున ఉంటాడు. భూమధ్యరేఖ మీద ఉన్నవాడికి క్షితిజాన్ని ఆనుకుని 0 డిగ్రీల దగ్గర ఉంటాడు. మధ్యలో ఏ ఊరి అక్షాంశం ఎంతో, అక్కడ ధ్రువుడి ఎత్తు కూడా సుమారు అంతే.

తిరువనంతపురం – 8.5 డిగ్రీలు
బెంగళూరు – 13
హైదరాబాద్ – 17.5
కోల్‌కతా – 22.5
గువాహటి – 26
ఢిల్లీ – 28.5
లేహ్ – 34

ఒకడు లేస్తే ఇంకొకడు దిగుతాడు

ఇప్పుడు దక్షిణం వైపు తిరగండి. ఫిబ్రవరి నెలలో రాత్రి 9 గంటల ప్రాంతంలో ఆకాశంలో అన్నిటికన్నా ప్రకాశవంతమైన నక్షత్రం లుబ్ధకుడు కనిపిస్తాడు. అతనికి చాలా కింద, దక్షిణాన మెరిసే చుక్క అగస్త్యుడు. ప్రకాశంలో అతనిది రెండో స్థానం.

అగస్త్య మహర్షి కథ మనకు తెలిసిందే. నేను తిరిగి వచ్చేదాకా వంగి ఉండమని వింధ్యకు చెప్పి ఆయన దక్షిణానికి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఆకాశంలోనూ ఆయన దక్షిణాదివాడే. తిరువనంతపురంలో అగస్త్యుడు అత్యధికంగా 29 డిగ్రీల ఎత్తుకు వస్తాడు. హైదరాబాద్‌లో 20 డిగ్రీలకు, ఢిల్లీలో దాదాపు 9 డిగ్రీలకు వస్తాడు. లేహ్‌లో సుమారు 3 డిగ్రీలే కాబట్టి కొండలు అడ్డొస్తే కనిపించడు.

ఒక చిన్న లెక్క చేద్దాం. ప్రతి ఊళ్ళోనూ ధ్రువుడి ఎత్తునూ అగస్త్యుడి అత్యధిక ఎత్తునూ కూడండి. తిరువనంతపురంలో 8.5 + 29. హైదరాబాద్‌లో 17.5 + 20. ఢిల్లీలో 28.5 + 9. లేహ్‌లో 34 + 3. అన్నిచోట్లా 37 దగ్గరే వస్తుంది. ఉత్తరాన ఎంత పెరిగితే దక్షిణాన అంత తగ్గుతుంది. బదిలీ మీద ఉత్తరానికి వెళ్ళినవాడు అగస్త్యుడి ఎత్తులో కొంత పోగొట్టుకుంటాడు, అదే కొలతలో ధ్రువుడిని పొందుతాడు. పోయిందాన్ని మాత్రమే చూస్తే లెక్క సగమే చేసినట్టు.

ధ్రువుడు చెప్పలేని సంగతి

గువాహటి నుంచి జోధ్‌పూర్‌కు బదిలీ అయిందనుకోండి. రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద, 26 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ధ్రువుడి ఎత్తులో తేడా తెలియదు. అప్పుడు గడియారం చెబుతుంది. రేఖాంశం ఒక డిగ్రీ మారితే సూర్యుడు 4 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. ఈ రెండు ఊళ్ళ మధ్య సుమారు 19 డిగ్రీల తేడా ఉంది కాబట్టి జోధ్‌పూర్‌లో తెల్లవారడం గంటంపావు ఆలస్యం. దేశమంతటికీ ఒకే సమయం కావాలి కాబట్టి 82.5 డిగ్రీల రేఖాంశాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. అది మన కాకినాడకు దగ్గరగా పోతుంది. జోధ్‌పూర్‌లో కొత్తగా చేరినవాడికి బడికి లేచేసరికి ఇంకా చీకటిగా అనిపిస్తే అది బద్ధకం కాదు, రేఖాంశం.

చేసి చూద్దాం: డాబా మీద కొలత

ముందు ధ్రువుడిని గుర్తించాలి. అతను చాలా ప్రకాశవంతంగా ఉంటాడని అనుకుంటారు కానీ నిజానికి మామూలు చుక్కే. మార్చి నుంచి జూన్ దాకా సాయంత్రాల్లో సప్తర్షి మండలం దారి చూపుతుంది. అందులో మంచం కోళ్ళలాంటి నాలుగు చుక్కల్లో తోకకు దూరంగా ఉన్న రెండింటి పేర్లు పులహుడు, క్రతువు. పులహుడి నుంచి క్రతువు మీదుగా గీత గీసి, వాటి మధ్య దూరానికి అయిదు రెట్లు ముందుకు వెళ్ళండి. అక్కడ ఒంటరిగా కనిపించేవాడే ధ్రువుడు. చలికాలపు సాయంత్రాల్లో సప్తర్షులు కనబడకపోతే ఇంగ్లీషు ఎమ్ అక్షరంలా ఉండే శర్మిష్ఠ మండలం ఆ వైపే ఉంటుంది.

మొదటి పద్ధతి పిడికిలి. చేయి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు, చిటికెన వేలు వెడల్పు 1 డిగ్రీ. చిన్నపిల్లల పిడికిలి చిన్నది, చేయి కూడా పొట్టిది. అందుకే కొలత ఎవరికైనా దాదాపు ఒకటే. క్షితిజం నుంచి పిడికిలి మీద పిడికిలి పెట్టుకుంటూ లెక్కించండి.

రెండో పద్ధతికి జామెట్రీ పెట్టెలోని కోణమాని చాలు. దాని తిన్నని అంచుకు కూల్‌డ్రింక్ గొట్టం అతికించండి. కేంద్రం దగ్గర దారం కట్టి, చివర ఒక నట్టు వేలాడదీయండి. వంపు భాగం కిందికి ఉండేలా పట్టుకుని గొట్టంలోంచి ధ్రువుడిని చూడండి. దారం ఏ అంకె మీద ఆగిందో పక్కనున్నవారు చదవాలి. ఆ అంకెకూ 90కీ ఉన్న తేడాయే ధ్రువుడి ఎత్తు. దారం 62 మీద ఉంటే ఎత్తు 28. జాగ్రత్త: ఈ గొట్టంతో గానీ, దుర్భిణితో గానీ సూర్యుడిని ఎప్పుడూ చూడకూడదు. కళ్ళు పోతాయి.

ఇప్పుడు అసలు ప్రయోగం. వదిలి వచ్చిన ఊళ్ళోని స్నేహితుడితో ఒక రాత్రి అనుకోండి. ఇద్దరూ కొలవండి. రెండు ఎత్తుల తేడాను 111తో గుణించండి. మీ ఇద్దరి మధ్య ఉత్తర దక్షిణాల దూరం కిలోమీటర్లలో వస్తుంది. హైదరాబాద్‌లో 17.5, ఢిల్లీలో 28.5 వస్తే తేడా 11. అంటే సుమారు 1,220 కిలోమీటర్లు. ఈ రెండు నగరాలూ దాదాపు ఒకే నిలువు గీత మీద ఉన్నాయి కాబట్టి అది వాటి మధ్య నేరు దూరానికి చాలా దగ్గర. రైలు వంకరలు తిరుగుతుంది కాబట్టి దాని దారి ఇంకా పొడవు. ఇద్దరు స్నేహితులు, ఒక దారం, ఒక నట్టు కలిసి దేశాన్ని కొలిచినట్టే కదా!

దుర్భిణి దగ్గర వరుసలో

చాలా నక్షత్రశాలలూ కొన్ని విశ్వవిద్యాలయాలూ ప్రజలకు దుర్భిణితో ఆకాశం చూపే కార్యక్రమాలు పెడతాయి. వెళ్ళేముందు మూడు సంగతులు తెలుసుకుందాం.

ఒకటి, చందమామను చూడటానికి పున్నమి మంచి రోజు కాదు. అప్పుడు వెలుగు నేరుగా పడి గుంతల నీడలు కనబడవు. శుక్లపక్ష అష్టమి ప్రాంతంలో వెలుగు చీకట్ల సరిహద్దు వెంబడి గుంతలూ కొండలూ స్పష్టంగా తెలుస్తాయి.

రెండు, కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. ఈలోపు ఫోన్ తీయకూడదు. టార్చి తప్పనిసరైతే ఎర్ర కాగితం చుట్టాలి.

మూడు, కన్ను ఆనించే చోట చేత్తో పట్టుకోకూడదు. కొద్దిగా కదిలినా గ్రహం తప్పిపోతుంది, వెనక ఉన్నవాళ్ళు ఆగాల్సి వస్తుంది. గురుగ్రహం పక్కన వరుసగా నాలుగు చిన్న చుక్కలు కనిపిస్తే, 1610లో గెలీలియో చూసిన ఉపగ్రహాలనే మీరూ చూస్తున్నట్టు.

గుమ్మటం ఇవ్వలేనిది ఇక్కడ దొరుకుతుంది. గుమ్మటం మీది వెలుగు దీపానిది. దుర్భిణిలోది నిజంగా ఆ చుక్క నుంచి బయల్దేరిన వెలుగు. లుబ్ధకుడి నుంచి మనకు వెలుగు చేరడానికి దాదాపు ఎనిమిదిన్నర ఏళ్ళు పడుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలు ఈ రాత్రి చూసే వెలుగు, వాళ్ళు ఒకటో తరగతిలో చేరకముందే బయల్దేరింది.

వేధశాలకూ బదిలీ తప్పలేదు

హైదరాబాద్‌లో నవాబు జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో నిజామియా వేధశాలను స్థాపించారు. ఆయన తర్వాత అది బేగంపేటకు మారింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. 1960ల చివరలో నగర దీపాలకు దూరంగా జాపాల్–రంగాపూర్‌లో 48 అంగుళాల దుర్భిణి నెలకొల్పారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రవేత్తలు అక్కడి నుంచి పరిశీలించారు. చోటు మారినా చుక్కల లెక్క ఆగలేదు.

నగరాల్లో దీపాల వెలుగుకు చుక్కలు మాసిపోతున్నాయి. అక్కడివాళ్ళకు పాలపుంత గుమ్మటం కిందే దొరుకుతుంది. సరిహద్దుల్లో, చిన్న ఊళ్ళలో ఉన్న మన పిల్లలకు అది ఇంటిపైనే ఉంది. లద్దాఖ్‌లోని హాన్లే చుట్టూ ఉన్న ప్రాంతాన్ని చీకటి ఆకాశాన్ని కాపాడటం కోసమే 2022లో ప్రత్యేకంగా ప్రకటించారు. దూరపు పోస్టింగు వచ్చిందని బాధపడేవాళ్ళు ఒకసారి తల ఎత్తి చూడాలి.

అభ్యాసం

1. ఒక నోటుపుస్తకంలో మీరు ఇప్పటిదాకా ఉన్న ఊళ్ళు రాయండి. అట్లాసు చూసి ఒక్కొక్క ఊరి ఎదుట ధ్రువుడి ఎత్తు రాయండి.
2. ఇప్పుడున్న ఊళ్ళో మీరే కొలవండి. అట్లాసు అంకెతో ఎంత తేడా వచ్చింది? ఎందుకు వచ్చి ఉండవచ్చు?
3. మీ ఊళ్ళో అగస్త్యుడి అత్యధిక ఎత్తు ఎంత? 37 లెక్కతో ముందే చెప్పి, ఫిబ్రవరిలో సరిచూడండి.
4. సప్తర్షులను మీ తరగతిలోని వేరు వేరు భాషలవాళ్ళు ఏమంటారు? అయిదు పేర్లు సేకరించండి.

ఈ పుస్తకాన్ని పారేయకండి. తర్వాతి బదిలీకి సామాను కట్టేటప్పుడు దీన్ని అడుగున కాకుండా పైనే పెట్టండి. కొత్త క్వార్టర్‌లో మొదటి రాత్రి దీని అవసరం పడుతుంది.