చెనక్కాయ మీద పరిశోధన: చిలమత్తూరు నుంచి జన్యుపటం దాకా

కర్ణాటక సరిహద్దున ఉన్న చిలమత్తూరు ఒకప్పుడు అనంతపురం జిల్లా మండలం, 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోది. ఈ మెట్ట సీమ పంట చెనక్కాయ. పోటీ పరీక్షల్లో అడిగే పేరు వేరుశనగ, శాస్త్రీయ నామం అరాకిస్ హైపోజియా. పువ్వు నేలపైన పూస్తుంది, ఊడ నేలలోకి దిగుతుంది, కాయ అక్కడే ఊరుతుంది.

దీని క్రోమోజోములు 40. రెండు అడవి జాతుల కలయికతో పుట్టిన చతుస్థితిక (నాలుగు క్రోమోజోమ్ సమితులున్న) మొక్క ఇది. ఆ రెండు జాతుల జన్యుక్రమం 2016లో, సాగు రకానిది 2019లో 'నేచర్ జెనెటిక్స్' పత్రికలో వెలువడ్డాయి. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు ఈ కృషిలో భాగముంది.

అభ్యర్థులు ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది అఫ్లటాక్సిన్ అనే విషం మీద. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. కారణం దాణాలోని వేరుశనగ పిండిలో చేరిన ఈ విషమే. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు దాన్ని తయారుచేస్తుంది; ఆ బూజు పేరులోంచే విషానికి పేరు వచ్చింది. ఈ విషం కాలేయ క్యాన్సర్ కారకం. కాయ ఊరే చివరి వారాల్లో వాన మొహం చాటేస్తే బూజు బలపడుతుంది. ఇక్కడి రైతుకు ఆ వారాలు బాగా తెలుసు. ఒలిచినప్పుడు ముడుచుకుపోయి, పచ్చటి బూజు పట్టిన గింజ కనబడితే తీసిపారేయాలి. వేయించినా విషం పూర్తిగా పోదు.

ఇదే జిల్లాలోని కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందిది. కదిరి-6, కదిరి లేపాక్షి వేరుశనగ రకాలు దానివే.