రక్తపోటు – నర్సింగ్ విద్యార్థుల గృహసందర్శనం

జ్వరం వచ్చినవాడు వైద్యుణ్ణి వెదకుకొంటూ పోతాడు. రక్తపోటు కలవానిని మాత్రం వైద్యమే వెదకుకొంటూ పోవలసి ఉన్నది. ఏ బాధా తెలియనీయకుండా ఏండ్ల తరబడి గుండెను, మూత్రపిండాలను, మెదడులోని రక్తనాళాలను దెబ్బతీయడం ఈ వ్యాధి స్వభావం. ఇది పట్నవాసుల జబ్బు అనుకొనేవారు నేటికీ ఉన్నారు. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో 2003-04 ప్రాంతంలో మరణకారణాలను పరిశీలించగా, దాదాపు మూడవ వంతు మరణాలు గుండె, రక్తనాళ వ్యాధుల వలననే సంభవించినట్లు తేలింది.

సామాజిక ఆరోగ్యం నర్సింగ్ పాఠ్యక్రమంలో ఒక భాగం. కనుక విద్యార్థులు ఆసుపత్రి గోడలు దాటి ఇండ్లకు వెళ్లవలసినవారే. పోటు కొలవడం చూడటానికి తేలిక. 1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచి చేతికి చుట్టే పట్టీని రూపొందించగా, 1905లో రష్యా శస్త్రవైద్యుడు కొరొట్కాఫ్ స్టెతస్కోపుతో వినే పద్ధతిని చూపినాడు. కాని ఎండలో నడచివచ్చిన మనిషికి వెంటనే పట్టీ చుట్టితే వచ్చే అంకె నమ్మదగినది కాదు. ఐదు నిమిషాలు వెనుకకు ఆనుకొని కూర్చుండబెట్టి, చేయి గుండె ఎత్తున ఉంచి, మాటలాడనీయక కొలవాలి. 140/90 గాని, అంతకు మించి గాని వేర్వేరు దినాలలో కనిపించినప్పుడే వైద్యుడు వ్యాధిని నిర్ణయిస్తాడు.

ఇక ఉప్పు సంగతి. సూళ్లూరుపేటకు తూర్పున పులికాట్ సరస్సు, ఆవల శ్రీహరికోట, సముద్రం. చేపలను ఉప్పులో ఊరవేసి ఎండబెట్టి దాచుకోవడం తీరవాసులకు తరతరాల అలవాటు. వాటికి తోడు ఊరగాయ, అప్పడం, ఊరమిరపకాయ. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపే, అనగా ఒక చెంచాకు మించని ఉప్పు చాలునన్నది. “ఉప్పు మానండి” అని ఉపదేశించి వచ్చేస్తే ఎవరూ వినరు, వినకపోవడంలో తప్పూ లేదు. ఎండుచేపలను నీటిలో నానబెట్టి, ఆ నీరు పారబోసి, పులుసులో వేరే ఉప్పు వేయకుండా వండమని ఆ వంటింటిలోనే కూర్చుండి చెప్పగలగాలి.

అన్నిటికంటె కష్టమైన పని మాత్రను మాననీయకుండా చూడటం.

“మాత్ర మానేసినావా, అవ్వా?”

“తలనొప్పి పోయింది గదమ్మా, ఇంకెందుకు?”

ఈ సమాధానం ఎదురుకాని వీధి ఉండదు. తలనొప్పికి, పోటుకు తరచుగా సంబంధమే ఉండదని, నేటి మంచి అంకె నిన్నటి మాత్ర ఇచ్చినదేనని, కార్డు మీది పాత అంకెను, కొత్త అంకెను పక్కపక్కన చూపి చెప్పాలి. ఒకసారి చెప్పితే చాలదు. నెలనెలా వెళ్లాలి.

కొందరు నాటుమందు వైపు మొగ్గుతారు. వారిని పరిహసించడం అవివేకం. సర్పగంధి వేరునుండి 1931లో సలీముజ్జమాన్ సిద్దీఖీ ఒక ద్రవ్యాన్ని వేరుచేసి, హకీం అజ్మల్ ఖాన్ పేరిట దానికి అజ్మలీన్ అని నామకరణం చేసినాడు. అదే వేరు రక్తపోటును తగ్గించుటను గూర్చి బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హృద్రోగ పత్రికలో ప్రకటించినాడు. అయితే ఆయన మోతాదు లెక్కించి, పోటు కొలిచి ఇచ్చినాడు. అంగడిలో పొట్లం కట్టే వేరుకు ఆ లెక్క లేదు.

రంజాన్ మాసంలో మరొక చిక్కు. ఉపవాసదీక్షలో పగటి మాత్ర తప్పిపోతుంది. మూత్రం ఎక్కువ చేసే మాత్రలు వేసుకొనేవారికి, ఎండ కాలమైతే, ఒంటిలో నీరు తగ్గే ప్రమాదమూ ఉన్నది. మాత్రవేళను సహరీకో ఇఫ్తారుకో మార్చవచ్చునా, మందునే మార్చాలా అన్నది వైద్యుడు నిర్ణయించాలి. అడగనిదే ఈ సంగతి బయటపడదు. “నానీ” అని పిలిచి ఉర్దూలో అడిగే విద్యార్థినికి దొరికే జవాబు, తెలుగు మాత్రమే తెలిసినవారికి అన్ని ఇండ్లలోనూ దొరకదు. అందుచేత షాబాన్ మాసంలోనే అటువంటి ఇండ్ల పట్టిక వ్రాసుకొని, ఆ కార్డులతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుణ్ణి కలిసి రావడం ఉత్తమం.