కాలని సరుకుకూ వాటా కట్టాలా?

ప్రశ్న: మా మిర్చి కంటెయినర్ వెళ్తున్న ఓడలో మంటలు లేచాయి. మా సరుకు కాలలేదు. అయినా డబ్బు కడితేనే ఇస్తామంటున్నారు. ఇది న్యాయమేనా?
– ఎగుమతిదారు, గుంటూరు

జవాబు: న్యాయమేనండి. దీన్ని జనరల్ యావరేజ్ అంటారు. ఓడనూ సరుకునూ కాపాడటానికైన ఖర్చును, ఓడ యజమానితో పాటు సరుకు దక్కినవాళ్లందరూ, తమకు దక్కినదాని విలువను బట్టి పంచుకోవాలి. 2018 మార్చిలో అరేబియా సముద్రంలో మెర్స్క్ హోనమ్ అనే కంటెయినర్ ఓడ తగలబడి ఐదుగురు నావికులు ప్రాణాలు కోల్పోయారు. అప్పుడు సరుకు విలువలో 54 శాతానికి హామీ అడిగారు. బీమా లేనివాళ్లు అంత సొమ్మూ నగదుగా డిపాజిట్ చేయాల్సి వచ్చింది.

మీకు మెరైన్ (సముద్ర రవాణా బీమా) పాలసీ ఉంటే కంగారు వద్దు. అందులో తక్కువ ప్రీమియం ఉండే ‘సి’ క్లాజుల (షరతుల) రకంలోనూ దీనికి రక్షణ ఉంది. వాటా కడతామని ఒప్పుకునే యావరేజ్ బాండుపై మీరు సంతకం చేస్తే, గ్యారంటీ బీమా కంపెనీ ఇస్తుంది. వాళ్లకు చెప్పకుండా మాత్రం పైసా కట్టకండి. కాలకపోయినా మిర్చికి పొగ వాసన పట్టి ఉండొచ్చు. అందుకే నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ వచ్చేదాకా కంటెయినర్ తెరవనివ్వకండి.