పరీక్ష గదిలో చూచివ్రాత



పదవ తరగతి పరీక్షలు దగ్గరపడగానే మన యిండ్లలో వినబడు ప్రశ్న ఒక్కటే: ఎన్ని మార్కులు వచ్చును? చూచివ్రాతను అరికట్టుటకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టము చేయబడెను. అయినను అది మానలేదు. పిల్లలు చెడిపోయిరని తేలికగా అనుచున్నాము. ఆ మాటను కొంచెము పరిశీలింతము.

అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అను ఇద్దరు పండితులు వేలాది బడిపిల్లలను పరీక్షించి 1928లో గ్రంథము ప్రకటించిరి. పిల్లలు వ్రాసిన కాగితములకు రహస్యముగా నకలు తీసియుంచి, తరువాత ఆ కాగితములనే వారి చేతికిచ్చి దిద్దుకొనుడనిరి. ఎవరు జవాబులు మార్చిరో నకలు తెలిపెను. ఒకచోట మోసగించినవాడు వేరొకచోట నిజాయితీగా నుండెను. ఒకే తరగతిలోని స్నేహితులు ఒకరినొకరు పోలియుండిరి. మనకు మింగుడుపడని సంగతి మరొకటి కలదు. సండేస్కూలుకు క్రమముగా వచ్చువారికిని, అప్పుడప్పుడు వచ్చువారికిని ఇందులో చెప్పుకోదగిన భేదము కనబడలేదు. వాక్యములు కంఠస్థము చేయించి ఊరకుండు ఉపాధ్యాయులు దీనిని రెండుమారులు చదువవలెను.

1993లో మెక్‌కేబ్, ట్రెవీనో అనువారు 31 కళాశాలలలో 6,000 మందికి పైగా విద్యార్థుల నడిగి చూడగా, తోటివారు చేయుచున్నారను తలంపే అన్నిటికంటె బలమైన కారణముగా తోచెను. అంతియొకయలో పేతురు వెనుకతీయగా మంచివాడైన బర్నబా సయితము వారితో కొట్టుకొనిపోయెను గదా (గలతీ 2).

గురి సంగతి కూడ చూడవలెను. నేర్చుకొనుటకంటె మార్కులకే విలువయిచ్చు తరగతులలో కాపీ ఎక్కువని 1998లో ఆండర్‌మన్, అతని తోటివారు కనుగొనిరి. కూలికిపోయి ఫీజు కట్టిన తల్లి “ఎట్లయినను పాసుకావలెను” అనును. పిల్లవాడు “ఎట్లయినను” అను మాటనే పట్టుకొనును. ఆమెను నిందింపము. తప్పిన పిల్లను పొలము పనికో పెండ్లికో పంపుదురని ఆమె యెరుగును.

గదియంతయు చూచివ్రాయగా ఒక్కతె ఊరకుండి తక్కువ మార్కులతో ఇల్లు చేరినయెడల, ఊరు దానిని తెలివితక్కువదనును. సంఘములో దాని ప్రక్కన నిలుచువారెవరు? ఒంటరిగా నిలుచుట పెద్దలకే కష్టము. కాబట్టి పరీక్షకు వెళ్లు పిల్లలను ఇద్దరు ముగ్గురుగా కూర్చి, చూచివ్రాయమని ముందుగానే వారిలో వారు మాట యిచ్చుకొననిండు. ఇంటికి వచ్చినప్పుడు మార్కులడుగక, ఈ దినము ఏ లెక్క తెలిసెనని అడుగుడి. లెక్కలు వచ్చిన పెద్దవారు మన సంఘములలో లేకపోలేదు. పరీక్షలైపోవువరకు రాత్రి తొమ్మిది గంటలదాక గుడిలో దీపము వెలుగనిండు.