రెండుసార్లు లా చదివిన కోర్నర్
గుస్టావ్ కోర్నర్ 1809లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టారు. హైడెల్‌బర్గ్‌లో న్యాయశాస్త్రం చదివి డాక్టరేట్ పొందారు. 1833లో రాచరికానికి ఎదురుతిరిగిన యువకులతో కలిసి, అరెస్టు తప్పించుకుని అమెరికా చేరారు.

అక్కడ చట్టాలు వేరు, కోర్టు భాష ఇంగ్లీషు. పాత పట్టా పనికిరాలేదు. కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో మళ్ళీ విద్యార్థిగా చేరారు. 1835లో ఇల్లినాయ్‌లో న్యాయవాది అయ్యారు. 1845లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. అబ్రహాం లింకన్‌కు ఆప్తమిత్రుడు.

ఇంత ఎదిగినా మాతృభాషను వదల్లేదు. అమెరికాలోని జర్మన్ల చరిత్రను 1880లో జర్మన్‌లోనే ప్రచురించారు.

పిల్లలూ, బదిలీ అయిన ప్రతిసారీ మనమూ కొత్త బడిలో, కొత్త భాషలో మళ్ళీ మొదలుపెడతాం. అది వెనకబడటం కాదు. ఆ ఊరి భాష నేర్చుకుందాం. ఇంటి తెలుగులో రాస్తూనే ఉందాం.