పాఠము ప్రతి బిడ్డకును అందవలెను

గ్రామమునందు పాఠశాల యుండుట వేరు. ఆ పాఠశాలలోని పాఠము గ్రామమునందలి పిల్లలందరికిని అందుట వేరు. మొదటిది కంటికి కనిపించును. గోడలు, కప్పు, నీటి కుళాయి, మరుగుదొడ్డి మొదలగువానిని పంచాయతీ సభ్యులు చూచి లెక్కింపగలరు. రెండవది అంత సులభముగా కనిపించునది కాదు. హాజరు పట్టీలో పేరుండి, ప్రతిదినము బడికి వచ్చి, వెనుక వరుసలో గోడ నానుకొని కూర్చుండి, సాయంకాలమున ఏమియు నేర్వకయే ఇల్లు చేరు బిడ్డ యెవరో ఆ పట్టీ చెప్పదు. అట్టి బిడ్డ రెండు మూడు సంవత్సరములు ఓర్చుకొనును. పిమ్మట ఒకనాడు మేకల వెంటనో, పత్తి చేనికో పోవును. ఊరివారు "వానికి చదువు అబ్బలేదు" అందురు. నిజమునకు చదువే వానిని చేరలేదు.

పాఠము అందరికిని చేరవలెనన్న బోధనా పద్ధతి ఎట్లు మారవలెను? యంత్ర సాధనములు ఇందుకు ఎంతవరకు తోడ్పడును? పంచాయతీ చేయదగిన పని యేమి? ఈ మూడు ప్రశ్నలను ఇచట విచారింతము.

పంచాయతీకి గల బాధ్యత

"బోధించుట ఉపాధ్యాయుని పని, ఇందు మనకేమి ప్రసక్తి?" అని కొందరు సభ్యులు తలంపవచ్చును. చట్టము అట్లు తలంచుట లేదు. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ వలన పదునొకండవ షెడ్యూలు ఏర్పడినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు అందు గలవు. వానిలో 17వది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య, 19వది వయోజన విద్య, అనియత విద్య, 20వది గ్రంథాలయములు.

2002 నాటి 86వ సవరణ ఆరు మొదలు పదునాలుగు సంవత్సరముల పిల్లలకు విద్యను ప్రాథమిక హక్కుగా చేసినది. ఆ హక్కును ఆచరణలో పెట్టుటకు చేయబడిన 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. స్థానిక ప్రభుత్వ సంస్థల విధులను ఈ చట్టములోని 9వ సెక్షను వివరించును. తన పరిధిలో నివసించు, పదునాలుగు సంవత్సరములలోపు పిల్లల వివరములను వ్రాసి యుంచుట, ప్రతి బిడ్డ బడిలో చేరి, హాజరై, ప్రాథమిక విద్యను పూర్తి చేయునట్లు చూచుట ఆ విధులలోనివి. చేర్చుట మాత్రమే గాక, పూర్తి చేయించుట కూడ అందు చేరియున్నదని సభ్యులు గమనింపవలెను.

పిల్లలందరును ఒక్క రీతిగా నుండరు

అరువది మంది వరకు పిల్లలు గల ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండవలెనని విద్యాహక్కు చట్టపు అనుబంధము తెలుపుచున్నది. ఇద్దరు ఐదు తరగతులకు బోధింపవలెనన్న, ఒక్కొక్కరు రెండు మూడు తరగతులను ఒకే గదిలో నడుపక తప్పదు. ఒకరు సెలవు పెట్టిన దినమున ఐదు తరగతుల భారమును రెండవవారే మోయవలెను.

ఒక్క తరగతిలోనైనను పిల్లలందరును సమానులు కారు. ఒక బాలిక ఇంటివద్ద అక్కను చూచి అప్పుడే చదువ నేర్చియుండును. ఒక బాలుడు తల్లిదండ్రులతో ఇటుక బట్టీకి పోయి, ఐదారు మాసముల పాఠములు పోగొట్టుకొని వచ్చియుండును. మరియొకనికి ఇంటి భాష కోయయో, లంబాడీయో అయి, పుస్తకములోని తెలుగు క్రొత్తగా నుండును. ఇంకొకనికి ఒక చెవి సరిగా వినిపింపదు. వీరందరికిని ఒక్క నల్లబల్లపై ఒక్క పాఠము వ్రాసి, అందరిచేతను ఒక్క గొంతుతో వల్లె వేయించినచో చక్కని ధ్వని బయలుదేరును. కాని ఆ ధ్వనిలో పెదవులు మాత్రము కదల్చుచున్న బిడ్డ యెవరో ఉపాధ్యాయునకు తెలియదు.

ఋషివ్యాలీ బడులు చూపిన మార్గము

ఇందుకు ఒక ఉపాయమును మన తెలుగునాటనే కనుగొనిరి. మదనపల్లెకు సమీపమునగల ఋషివ్యాలీ విద్యాకేంద్రమువారు చుట్టుప్రక్కల పల్లెలలో ఒక్క ఉపాధ్యాయుడు, ఒక్క గది గల చిన్న బడులను నడిపిరి. ఐదు తరగతుల పిల్లలును అందు కలిసి చదువుకొందురు. పుస్తకములోని పాఠములను చిన్న చిన్న మెట్లుగా విడదీసి, ఒక్కొక్క మెట్టునకు కొన్ని కార్డులు తయారుచేసిరి. ఏ కార్డు తరువాత ఏ కార్డో తెలుపు పెద్ద పటమును గోడకు వ్రేలాడదీసిరి. దానికే అభ్యసన నిచ్చెన యని పేరు. కార్డులపై బొమ్మ గుర్తులుండుటచే, ఇంకను చదువరాని బిడ్డయు తన స్థానమును తానే గుర్తింపగలడు.

ఒక మెట్టునందు మొదట క్రొత్త విషయమును తెలిసికొనుట, పిదప అభ్యాసము, ఆపైన పరీక్ష వరుసగా వచ్చును. పరీక్షలో తడబడిన బిడ్డకు మరల నేర్చుకొనుటకు వేరు కార్డులు గలవు. వానిని పూర్తి చేసి ముందుకు పోవును. వెనుకబడినాడని ఎవరును నిందింపరు. పిల్లలు నాలుగు గుంపులుగా కూర్చుందురు. ఉపాధ్యాయుని పూర్తి సాయము కావలసినవారు ఒక గుంపు. కొంత సాయము చాలినవారు రెండవ గుంపు. తోటివారి సాయముతో నేర్చువారు మూడవ గుంపు. తమంత తాము చేసికొనువారు నాలుగవ గుంపు. ఉపాధ్యాయుడు తన కాలమును ఎక్కువగా మొదటి గుంపునకు వినియోగించును.

ఈ పద్ధతిలోని సారమును సభ్యులు గ్రహింపవలెను. బట్టీకి పోయి వచ్చిన బాలుడు తాను విడిచిన మెట్టునుండియే మరల ఆరంభించును. తరగతి వానిని విడిచి ముందుకు పోయినదను మాట ఇచట లేదు. కర్ణాటకమున మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకాలో 1995లో ఆరంభమైన నలి-కలి పద్ధతికిని, తరువాత తమిళనాడులో వ్యాపించిన కృత్యాధార బోధనకును ఈ చిన్న బడులే ప్రేరణ నిచ్చినవి.

ఇంటి భాష, బడి భాష

ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధించుటకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున కోయ, గోండీ, కొలామీ, సవర, లంబాడీ మొదలగు భాషలలో వాచకములు తయారుచేసి, కొన్ని బడులయందు బోధించిరి. బిడ్డ మొదట తనకు తెలిసిన మాటలతో చదువ నేర్చి, పిదప క్రమముగా తెలుగులోనికి వచ్చును. తెలిసిన మాటను చదువుట నేర్చినవానికి తెలియని మాటను చదువుట సులభము. ఆ భాష రాని ఉపాధ్యాయుడు పనిచేయుచోట, ఆ తండాలోనో, గూడెములోనో గల ఒక తల్లి వారమునకు రెండు దినములు బడికి వచ్చి కథలు చెప్పినను ఎంతో మేలు కలుగును. ఇట్టివారిని పిలిచి గౌరవించుట పంచాయతీకి కష్టమైన పని కాదు.

చూపు, వినికిడి కొరవడిన పిల్లలు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. అంతకు పూర్వపు 1995 చట్టములో ఏడు మాత్రమే యుండెను. నిర్ణీత ప్రమాణమునకు మించి వైకల్యము గల బిడ్డకు ఆరు మొదలు పదునెనిమిది సంవత్సరముల వరకు ఉచిత విద్య పొందు హక్కు గలదు.

పిలిచినను పలుకని బిడ్డను మొండివాడనుట వాడుక. ముందుగా వానికి వినిపించుచున్నదో లేదో చూడవలెను. చెవి చీము కారుట వలన వినికిడి తగ్గిన పిల్లలు పల్లెలలో అనేకులు గలరు. వైద్యుడు దానిని నయము చేయగలడు. అంతవరకు ఆ బిడ్డను ముందు వరుసలో కూర్చుండబెట్టవలెను. ఉపాధ్యాయుడు నల్లబల్లవైపు గాక బిడ్డవైపు తిరిగి మాటలాడవలెను. చూపు తగ్గిన బిడ్డకు కిటికీ వెలుతురు పలకపై పడునట్లు చోటు ఈయవలెను. అక్షరములు పెద్దవిగా వ్రాయవలెను. ఇందుకు వ్యయము లేదు.

చూపు బొత్తిగా లేనివారు ఆరు చుక్కల బ్రెయిలీ లిపిని వ్రేళ్లతో తడవి చదువుదురు. 1809లో ఫ్రాన్సు దేశమున జన్మించిన లూయీ బ్రెయిలీ తానును అంధుడై యుండి ఈ లిపిని కనిపెట్టెను. భారతీయ భాషలకు తగినట్లు ఏర్పరచిన భారతీ బ్రెయిలీలో తెలుగును చదువవచ్చును. వినికిడి లేనివారికై 2015లో ఢిల్లీలో నెలకొల్పబడిన భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రము 2021 నాటికి పదివేల మాటల నిఘంటువును సిద్ధము చేసినది. తెలుగు రాష్ట్రములలో ఇట్టి పిల్లలకై భవిత కేంద్రములు ఏర్పడినవి. మన బిడ్డల పేర్లు అచట నమోదైనవో లేదో సభ్యులు విచారింపవలెను.

యంత్రముల మేలు, వాని మితి

యంత్రముల ద్వారా పల్లెకు పాఠము పంపుట మన దేశమునకు క్రొత్త గాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఒక సంవత్సర కాలము ఉపగ్రహ టెలివిజను ప్రయోగము జరిగినది. ఆంధ్రప్రదేశముతో కూడ ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు అమెరికా దేశపు ఉపగ్రహము ద్వారా కార్యక్రమములు అందినవి. తెలుగు పాఠములును అందు గలవు. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము గ్రామస్థులకు అవి ప్రసారమయ్యెను. సంవత్సరము ముగియగానే ఉపగ్రహము మరలిపోయినది, ప్రయోగము ఆగిపోయినది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోటనుండి విద్యకొరకే ఎడ్యుశాట్ ఉపగ్రహము ప్రయోగింపబడెను. 2017లో ఆరంభమైన దీక్షా వేదిక వలన పాఠ్యపుస్తకములోని చుక్కల చతురస్రమును ఫోనుతో చూపినచో సంబంధించిన పాఠము తెరపైకి వచ్చును.

2020లో కరోనా వ్యాధివలన బడులు మూతపడినప్పుడు యంత్రముల శక్తియు, వాని కొరతయు బయటపడినవి. తెలంగాణమున ఆ సంవత్సరము సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్, టీ-శాట్ ద్వారా పాఠములు ప్రసారము చేసిరి. పాఠము ఇంటికి వచ్చినది. కాని ఇంటిలో ఉన్న ఒక్క ఫోనును తండ్రి పనికి తీసికొనిపోయినచో బిడ్డ చేయునదేమి? టెలివిజనులోని ఉపాధ్యాయునకు బిడ్డ ముఖము కనిపింపదు. అర్థము కాలేదని తెలిసికొని ఆగడు.

యంత్రమునకు తగిన పనులు వేరుగా గలవు. పల్లెలో లేనిదానిని, అనగా సముద్రమును, గుండె కొట్టుకొను తీరును, అది చూపగలదు. తప్పిపోయిన పాఠమును మరల మరల వినిపింపగలదు. చూపులేని బిడ్డకు పుస్తకమును చదివి వినిపింపగలదు. పాఠము చూపుటకు ముందు ఉపాధ్యాయుడు రెండు ప్రశ్నలు వేసి, చూపిన పిమ్మట వానిని గూర్చి పిల్లలచే మాటలాడించినచో ఫలితము అధికముగా నుండును. యంత్రము కొనుటకు ముందు పంచాయతీ మూడు ప్రశ్నలు వేసికొనవలెను. విద్యుత్తు, ఇంటర్నెట్టు లేని గంటలలో ఇది పనిచేయునా? చెడినచో బాగుచేయువారెవరు? ఇంతవరకు పాఠము అందని ఏ బిడ్డకు దీనివలన అందును? మూడవదానికి సమాధానము లేనిచో ఆ యంత్రము బీరువాలో అలంకారముగా మిగులును.

పంచాయతీ చేయదగిన పనులు

1. జూన్ మాసమున వీధివారీగా పిల్లల జాబితా వ్రాయవలెను. తండాలు, గొర్రెల మందలవారి గుడిసెలు, ఇటుక బట్టీలు విడువరాదు.

2. పనికై వలస వచ్చిన కుటుంబముల పిల్లలును మన పిల్లలే. వారిని బడిలో చేర్చుకొనునట్లు చూచుట స్థానిక సంస్థ విధియని 9వ సెక్షను చెప్పుచున్నది. వయస్సు ధ్రువపత్రము లేదనియు, బదిలీ పత్రము రాలేదనియు, సంవత్సరము నడుమ వచ్చిరనియు చేర్చుకొనకుండుట చట్టవిరుద్ధము. ఒడిశానుండి తెలంగాణపు బట్టీలకు వచ్చు కుటుంబముల పిల్లలకును, మన పల్లెలనుండి అన్యప్రాంతములకు పోవువారి పిల్లలకును ఈ రక్షణ గలదు.

3. వయస్సునకు తగిన తరగతిలో చేరిన బిడ్డకు వెనుకటి పాఠములు నేర్పు ప్రత్యేక శిక్షణ హక్కుగా లభించును. అది జరుగుచున్నదో లేదో విచారింపవలెను.

4. పాఠశాల యాజమాన్య సంఘములో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తము సభ్యులలో సగము స్త్రీలు ఉండవలెను. వెనుకబడిన పిల్లల తల్లులకు అందు మాటలాడు అవకాశము ఈయవలెను.

5. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పిల్లల కన్నులు, చెవులు పరీక్షించు వైద్యబృందమును బడికి రప్పింపవలెను. ఆనాడు రాని పిల్లలను మరల చూపింపవలెను.

6. పంచాయతీ కార్యాలయములో గాని, గ్రంథాలయములో గాని సాయంకాలము ఒక గంట దీపము, చాప, ఒక ఫోనో, టెలివిజనో ఏర్పాటుచేసి, చదివిన యువకులనో, యువతులనో తోడుంచినచో, ఇంటిలో సాధనములు లేని పిల్లలు అచట చదువుకొందురు.

ఈ పనులన్నింటియందును ఉపాధ్యాయుని తప్పులెన్నువారుగా గాక, తోడునిలుచువారుగా సభ్యులు మెలగవలెను. "ఈ బడిలో ఏ బిడ్డకు పాఠము అందుట లేదు? వానికై మీకు మావలన కావలసినదేమి?" అని అడిగినచో, ఒక్క గదిలో మూడు తరగతులు నడుపుచున్న ఆ వ్యక్తి సంతోషముతో చెప్పగలడు.

వచ్చు మాసమున ఒకదినము బడికి పోయినప్పుడు ముందు వరుసలో వేసిన కుర్చీలో కూర్చుండక, చివరి వరుస వద్ద చాపపై కూర్చుండుడు. ప్రక్కనున్న బిడ్డ పేరడిగి, కంఠస్థము కాని ఒక్క వాక్యమును మెల్లగా చదువుమనుడు. చదివినచో మెచ్చుకొనుడు. చదువలేకపోయినచో కోపింపక, ఆ పేరును జ్ఞాపకముంచుకొని, తరువాతి పంచాయతీ సమావేశమున నలుగురిలో వెల్లడింపక, ఉపాధ్యాయునితోను, తల్లిదండ్రులతోను కలిసి ఆలోచింపుడు. ఆ బిడ్డ మేకల వెంట పోకముందే ఈ పని జరుగవలెను.