డిస్కు దగ్గర ఆగిపోతున్న డెబియన్ ఇన్‌స్టాలర్

ప్రశ్న: మా కాలేజీ ల్యాబులో ప్రీసీడ్ ఫైలుతో డెబియన్ వేస్తున్నాం. పాత కంప్యూటర్లలో సాఫీగా సాగింది. కొత్తవాటిలో డిస్కు విభజన దగ్గర ఆగిపోతోంది. ఎందుకంటారు?

జవాబు: ముందు ఫైలులో డిస్కు పేరు ఏమని ఇచ్చారో చూడండి. సాటా డిస్కు లైనక్స్‌కు సాధారణంగా ‘ఎస్‌డీఏ’గా కనిపిస్తుంది, ఎన్‌వీఎంఈ డిస్కు పేరు ‘ఎన్‌వీఎంఈ0ఎన్1’. పాత పేరే రాసి ఉంటే కొత్త మెషిన్లో ఇన్‌స్టాలర్‌కు ఆ డిస్కు దొరకదు. ఇంకా చిక్కేమిటంటే, అక్కడ మీ ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవే ఎస్‌డీఏ కావచ్చు.

ఊహించకండి, చూడండి. ఆగినచోట కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కి, ఎంటర్ కొడితే షెల్ వస్తుంది. అందులో ‘లిస్ట్-డివైసెస్ డిస్క్’ కమాండ్ ఇస్తే ఇన్‌స్టాలర్‌కు కనిపిస్తున్న డిస్కులు బయటపడతాయి. లోపలి డిస్కు అసలే లేకపోతే తప్పు మీ ఫైలుది కాకపోవచ్చు. బయాస్‌లో స్టోరేజీ మోడ్ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ లేదా రెయిడ్‌లో ఉందేమో చూసి ఏహెచ్‌సీఐకి మార్చండి. విండోస్ కూడా ఉంచుకోవాలనుకుంటే మాత్రం తొందరపడి మార్చొద్దు, అది బూట్ కాకుండా పోవచ్చు.

డిస్కు కనిపిస్తున్నా ఆగుతోందంటే, దానిమీద పాత ఎల్‌వీఎం లేదా రెయిడ్ గుర్తులు మిగిలి ఉండొచ్చు. వాటిని తొలగించడానికీ, మార్పులు డిస్కుపై రాయడానికీ అనుమతులు వేర్వేరు. ఒక్కదానికి జవాబు లేకున్నా ఇన్‌స్టాలర్ ఆగి అడుగుతుంది. అలా అడగడం మంచిదే. అన్నిటికీ ముందే ‘ట్రూ’ అని రాసేస్తే డిస్కు మారు మాట లేకుండా తుడిచిపెట్టుకుపోతుంది. విద్యార్థుల ప్రాజెక్టులున్న డిస్కులను ముందే ఊడదీసి పక్కన పెట్టండి.